వాగు అవతలి ఉడుత

పిల్లలూ, ఒక మాట అడుగుతాను, తడుముకోకుండా చెప్పండి. అప్పు తీర్చలేకపోయిన అమ్మ తన పిల్లల దగ్గర ఉండకూడదా?

అనగనగా ఒక అడవిలో, ఒక చింతచెట్టు మీద చంద్రి అనే ఉడుత ఉండేది. వానలు మొహం చాటేసిన ఏడు, తన ఇద్దరు పిల్లల ఆకలి చూడలేక పందికొక్కు దగ్గర బుట్టెడు వేరుశనగలు అప్పు తెచ్చింది. సగం తీర్చింది. మిగతా సగం వసూలుకు పందికొక్కు నక్కను పంపింది.

నక్క మొదటిసారి వచ్చి చుట్టుపక్కల చెట్లన్నీ వినేలా తిట్టింది. రెండోసారి గూటి కింద నిలబడి పిల్లలను ఏడిపించింది. మూడోసారి తలకు నెమలి ఈక కట్టుకొచ్చింది. ఆ అడవిలో నెమలి ఈక కట్టేది సింహం కొలువు భటులే.

"రాజాజ్ఞ. నేను మళ్ళీ వచ్చేసరికి బాకీ తీరకపోతే నీ పిల్లల్ని చెరలో వేస్తారు" అంది.

చంద్రి నమ్మేసింది. తను కనబడకపోతే పిల్లల జోలికి రారనుకుని, వాళ్ళను పక్క కొమ్మ గోరింకకు అప్పగించి వాగు దాటి పోయింది.

రోజూ పొద్దుగూకే వేళ ఒడ్డున కూర్చుని తన చెట్టు వైపే చూసేది. గాలి ఇటు వీస్తే పిల్లల కిచకిచలు వినబడేవి. ఏది పెద్దదో, ఏది చిన్నదో గొంతును బట్టి పోల్చుకునేది. గాలి అటు తిరిగిందా, ఆ పూట తిండి సయించేది కాదు.

చివరికి గోరింకే వెతుక్కుంటూ వచ్చింది. కొలువుకెళ్ళి చెప్పుకోమంది. చంద్రి తల దించుకుంది. బాకీ ఉన్నవాళ్ళు కొలువు మెట్టెక్కకపోవడం ఆ అడవి ఆచారం మరి.

"ఎవరు పెట్టారు వదినా ఆ ఆచారం? సింహమా? మన సిగ్గు పెట్టింది. ఆ నక్క బతికేది నీ సిగ్గు మీదే" అంది గోరింక.

చంద్రి వెళ్ళింది. సింహానికి అంతా చెప్పింది. సింహం అలాంటి ఆజ్ఞ ఇవ్వనే లేదు. నక్కను పిలిపించి, దాని తల మీది ఈకను అక్కడికక్కడే పీకించి, వసూళ్ళ పని మాన్పించింది. బాకీ అడగొచ్చు గానీ తిట్టకూడదు, పిల్లల్ని బెదిరించకూడదు, కొలువు పేరు వాడుకోకూడదు అనే చట్టం ఏనాటి నుంచో ఉందని చెప్పింది. అప్పు మాత్రం దొరికినప్పుడల్లా కొంచెం కొంచెంగా తీర్చాల్సిందేనంది.

చంద్రి పరుగున గూటికి చేరింది. పెద్దది వచ్చి మీద పడింది. చిన్నది మాత్రం దూరంగా కొమ్మ చివరే నిలబడింది.

"అమ్మా, నాకు గెంతడం వచ్చేసింది. నువ్వు చూడలేదు" అంది.

కొలువు న్యాయం చెప్పగలదు. ఆ మొదటి గెంతును చంద్రికి తిరిగి తెచ్చివ్వలేదు.

నీతి: అప్పు తీర్చాలి గానీ, అవమానాలూ అబద్ధపు బెదిరింపులూ భరించనక్కర్లేదు. మీ గుమ్మం ముందు ఎవరైనా అలా అరిస్తే, దాక్కోవద్దని, వెళ్ళి ఫిర్యాదు చేయమని ఆ రోజే మీ అమ్మానాన్నలకు చెప్పండి.