ముప్పైనాలుగు పుల్లలు

గెలిచిన నాలుగో రోజు పొద్దున్నే మూలసిరి తన గురువు గదికి వచ్చి, ఆ గెలుపు తనకు వద్దని చెప్పాడు.

గురువు చందసేనుడు గోడకు చేరగిలబడి మోకాలికి ఆముదం రాసుకుంటున్నాడు. డెబ్బై దాటిన భిక్షువు. పళ్లు చాలావరకు ఊడిపోయాయి గానీ, వాటితో పాటు నవ్వు పోలేదు.

"ఎందుకొద్దు నాయనా?"

"అది గెలుపు కాదు, భంతే. అందరూ నన్ను ఓడినవాణ్ణి చూసినట్టు చూస్తున్నారు."

గురువు రెండో కాలు చాచాడు. మూలసిరి అలవాటుగా కింద కూర్చుని నూనెగిన్నె అందుకున్నాడు. ఇరవయ్యో ఏట ఆ కొండెక్కి వచ్చినప్పటి నుంచి, పన్నెండేళ్లుగా, ఆ మోకాళ్లకు నూనె రాస్తున్నది అతనే. కోపంతో వచ్చినా చేతులు మాత్రం మెత్తగానే కదిలాయి.

జరిగింది ఇదీ.

కృష్ణ ఒడ్డున ఎనిమిది కొండలు. కొండకొక విహారం. అన్ని విహారాలకూ కలిపి ఒక పెద్ద ఉండేవాడు. వాళ్ల మధ్య తగవులు తీర్చడం, కరువొస్తే ఏ కొండ ధాన్యం ఏ కొండకు వెళ్లాలో చెప్పడం, జబ్బుపడ్డ భిక్షువులను ఎక్కడ ఉంచాలో చూడటం ఆయన పని. ఆ ఏడు పాత పెద్ద కాలం చేశాడు. కొత్తవాణ్ణి ఎన్నుకోవడానికి నది దిగువన మహాసభ జరగాలి. దానికంటే ముందు ఒక్కో కొండా తన వాళ్లలో ఒకణ్ణి ఎంచి పంపాలి.

ఈ కొండ మీద పుల్ల వేసి ఎన్నుకునే హక్కున్న భిక్షువులు అరవైమంది. ఎవరిని పంపాలన్నదాంట్లో ఎవరికీ అనుమానం లేదు. మూలసిరి ధర్మం చెబుతుంటే, వాన పడుతోందని లోపలికి వచ్చి కూర్చున్న బాటసారులు వాన వెలిశాక కూడా లేచేవారు కాదు. దిగువ కొండల్లో కూడా అతని పేరు తెలియనివాళ్లు లేరు.

కానీ ఒక్క పేరే ఉంటే ఎంచడానికేముంది? రెండో పేరు కావాలి. ఎవరో కన్హుడి పేరు చెప్పారు. మందుల కొట్టం చూసుకునే భిక్షువు కన్హుడు. యాభై ఏళ్లవాడు. ఎప్పుడు చూసినా ఒంటి మీద శొంఠి వాసన. నలుగురిలో నోరు విప్పితే మాట గొంతులోనే ఆగిపోయేది. "పే... పేరుకేగా, సరే," అని ఒప్పుకున్నాడు.

మూలసిరికి తిస్సుడని ప్రాణస్నేహితుడున్నాడు. కొండంతా ఒకసారి తిరిగొచ్చి, "యాభైకి ఒక్కటి తగ్గదు," అన్నాడు. ఆ మాట భిక్షకు వెళ్లిన వాళ్లతో ఊళ్లలోకి దిగింది. రేవుకు చేరింది. పడవలెక్కి దిగువకు పోయింది. దిగువ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "యాభై వస్తాయటగా?" అని అడిగితే మూలసిరి కాదనలేదు. "చూద్దాం," అని నవ్వాడు. అదే మాట కన్హుణ్ణి అడిగితే, "నాకా? రెండో మూడో వస్తాయి. మం... మందు తాగినవాళ్లకు మొహమాటం ఉంటుందిగా," అన్నాడట.

పున్నమి నాడు చందసేనుడు ఒక్కొక్కరి చేతిలో రెండేసి వెదురు పుల్లలు పెట్టాడు. లక్క పూసింది మూలసిరికి, పసుపు పూసింది కన్హుడికి. ఎవరికి నచ్చిన పుల్లను వాళ్లు గుడ్డ కప్పిన కుండలో వేశారు, రెండోదాన్ని పక్క కుండలో పడేశారు. ఎవరిది ఏ పుల్లో ఎవరికీ తెలియదు. పంచేవాడు కనుక చందసేనుడు ఆ అరవైమందిలో లేడు, తాను వేయలేదు.

కుండ బోర్లించి చూస్తే లక్కవి ముప్పైనాలుగు, పసుపువి ఇరవైయారు.

సభలో వెనక వరసలోంచి ఎవరో, "ఇరవైయారే!" అన్నారు. ఆ వెంటనే అందరూ అదే మాట. ఇరవైయారట, కన్హుడికి ఇరవైయారట. ముప్పైనాలుగు అని ఒక్కరూ అనలేదు.

రెండో రోజు ఉప్పు వర్తకుడి భార్య సివల కొత్త వస్త్రం పట్టుకుని కొండెక్కి వచ్చింది. మూలసిరి స్తూపం ముందు ఊడుస్తున్నాడు. ఆమెను చూసి చీపురు పక్కన పెట్టి నిలబడ్డాడు. ఆమె గబగబా ఒక దండం పెట్టి, అతణ్ణి దాటుకుని మందుల కొట్టం వైపు వెళ్లింది.

"గెలిచారటగా స్వామీ! మా రేవంతా అదే మాట."

"లే... లేదమ్మా. ఓడిపోయాను," అన్నాడు కన్హుడు.

"ఓడిపోతే ఇరవైయారు వస్తాయా? ఊరుకోండి."

కన్హుడు ఏం చెయ్యాలో తోచక మూలసిరి వైపు చూశాడు. మూలసిరి వంగి చీపురు తీసుకున్నాడు.

మూడో రోజు సాయంత్రం దిగువ కొండ నుంచి కబురు వచ్చింది. మూలసిరి పట్టు జారిందని విన్నాం, మంచి ఊపు మీదున్న కన్హుణ్ణే పంపితే మీ కొండకు మేలు కదా, అని. ఆ కబురు విని సొంత కొండ మీదే కొందరు తలలూపారు. ఆ రాత్రి మూలసిరికి కన్ను మూత పడలేదు.

ఇప్పుడు గురువు మోకాలికి నూనె రాస్తూ మూలసిరి ఇదంతా చెప్పి, చివరికి అన్నాడు: "కన్హుణ్ణే పంపించండి, భంతే. పదహారు మంది నన్ను ముంచారు. అలాంటి వాళ్ల తరఫున నేను పోను."

"పదహారు మందా?"

"యాభై రావాలి. ముప్పైనాలుగే వచ్చాయి."

"ఎవరు వాళ్లు?"

మూలసిరి తడుముకోలేదు. మూడు రోజులుగా అతనికి అదే పని. చూపు సరిగా ఆనని ముసలి ఉత్తరుడితో మొదలుపెట్టి, వేళ్లు మడుస్తూ పదహారు పేర్లూ గడగడా చెప్పేశాడు.

"బాగా చెప్పావు," అన్నాడు గురువు. "మరి ఆ ముప్పైనలుగురు?"

మూలసిరి తిస్సుడి పేరు చెప్పాడు. ఇంకో ఇద్దరి పేర్లు చెప్పాడు. తర్వాత ఆగిపోయాడు.

చందసేనుడు గోడ పట్టుకుని లేచి, గూట్లోంచి ఒక చిన్న మూట తెచ్చి శిష్యుడి ఒళ్లో పెట్టాడు. విప్పితే లక్క పూసిన పుల్లలు.

"ఎవరివి వాళ్లకు ఇచ్చిరా."

"ఎవరివో నాకెలా తెలుస్తుంది, భంతే?"

"నువ్వేమీ అడగకు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి మూట విప్పి ముందు పెట్టు. ఇందులో తనదున్నవాడు తీసుకుంటాడు. మనవాళ్లు తమది కానిది ముట్టరు కదా."

"పడవ ఎల్లుండే, భంతే."

"అందుకే ఇప్పుడే బయల్దేరు. అందరి దగ్గరికీ వెళ్లొచ్చాక కూడా వద్దంటే, వద్దు."

మూలసిరి నేరుగా తిస్సుడి గదికి వెళ్లాడు. కనీసం మొదటి పుల్లయినా సుఖంగా చేతులు మారుతుందని అతని ఆశ. మూట విప్పి చాప మీద పెట్టి విషయం చెప్పాడు.

తిస్సుడు పుల్లల వంక చూశాడు. తర్వాత చేతులు రెండూ చంకల్లో దోపుకుని తలవంచుకున్నాడు.

మూలసిరికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, అడగవద్దన్న గురువు మాట కూడా మరిచిపోయి, "నువ్వా!" అన్నాడు.

"నీకెలాగూ యాభై వస్తాయనుకున్నానురా," అన్నాడు తిస్సుడు నీళ్లు నములుతూ. "ఒకటి తగ్గితే నీకేం తక్కువ? అక్కడ చూస్తే కన్హుడికి ఒకటీ రెండూ కూడా పడేట్టు లేవు. అందరి ముందూ పాపం చిన్నబోతాడని..."

"ఇంకా ఎంతమంది ఇలాగే అనుకున్నారు?"

"నాకేం తెలుసు? నేనొక్కణ్ణే అనుకున్నా!"

మూలసిరి బయటికొచ్చి వరండా మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. యాభై అని మొదట అన్నది తిస్సుడు. ఆ మాటను తనే నవ్వి దిగువకు పంపాడు. ఆ యాభైని నమ్మి ఎంతమంది జాలిపడి పసుపు పుల్ల వేశారో!

లేచి పక్క గదికి వెళ్లాడు. అక్కడ ఇద్దరు తీసుకున్నారు, ఒకడు తీసుకోలేదు. ఆ తర్వాతి గదిలో ముగ్గురూ తీసుకున్నారు. వాళ్లలో ఒకడు మూలసిరి వేళ్ల మీద లెక్కపెట్టిన పదహారు మందిలోవాడు.

ఉత్తరుడి గది కొండ అంచున ఉంది. ఆ ముసలాయన మూలసిరి వ్యాఖ్యానం చెబుతుంటే ఎప్పుడూ కూర్చునే కునుకు తీసేవాడు. అందుకే ఆ పదహారు మందిలో మొదటి పేరు ఆయనది. మూలసిరి మూట ముందు పెట్టాడు. ముసలాయన తడిమి, ఒక పుల్ల తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని లక్క వాసన చూసి దాచుకున్నాడు.

మూలసిరి ఉండబట్టలేకపోయాడు. "నేను చెప్పేది మీకు నచ్చదనుకున్నాను, భంతే."

"నువ్వు చెప్పేది నాకెప్పుడు అర్థమైంది గనక? పోయిన వానాకాలం ఈ మెట్ల మీద పాకుడు గీకింది నువ్వే కదా?"

"అది... నేను జారిపడ్డానని గీకాను."

"నీకోసం గీకావో, నాకోసం గీకావో," అన్నాడు ఉత్తరుడు, "నేను మాత్రం పడలేదు."

ఆ రోజూ మర్నాడు పొద్దున్నా మూలసిరి గది గదికీ తిరిగాడు. తీసుకోనివాళ్లు కొందరు సిగ్గుపడ్డారు. మూలసిరే వాళ్ల భుజం తట్టి వచ్చేశాడు. తీసుకున్నవాళ్లు మాట్లాడకుండా ఉండలేకపోయారు. ఒకడు తన తల్లి పోయినప్పుడు మూలసిరి పక్కన కూర్చున్నాడన్నాడు. ఇంకొకడు, నీ గొంతు బాగుంటుంది, అంతే, అన్నాడు. ఒకడైతే ఎందుకు వేశాడో తనకే గుర్తు లేదన్నాడు. రెండో రోజు పొద్దెక్కేసరికి మూలసిరి, ఎవరు తీసుకోరో చూడటం మానేసి, ఎవరు తీసుకుంటారో చూడటం మొదలుపెట్టాడు. అది తనకే తెలియలేదు.

యాభై ఎనిమిది మందీ అయిపోయారు. మూటలో రెండు పుల్లలు మిగిలాయి. వాటిలో ఒకటి ఎవరిదో అతనికి తెలుసు. రెండోదాని సంగతే అంతుపట్టలేదు. ఇక మిగిలింది కన్హుడొక్కడే.

మందుల కొట్టంలో కన్హుడు కల్వంలో ఏదో నూరుతున్నాడు. మూలసిరి గుమ్మంలో ఆగాడు. వెనక్కి వెళ్లిపోదామనిపించింది. కానీ అందరి దగ్గరికీ వెళ్లమన్నాడు గురువు. లోపలికి వెళ్లి మూట విప్పి, "ఇందులో..." అని, మాట గొంతులో ఆగిపోయి, ఊరుకున్నాడు.

కన్హుడు చేతులు తుడుచుకుని, రెండు పుల్లల్లో ఒకటి తీసుకున్నాడు.

కల్వం పక్కన మూలసిరి చతికిలబడిపోయాడు. "మీరా, భంతే?"

"మ... మహాసభలో ఎనిమిది కొండల వాళ్లకు నచ్చజెప్పాలి," అన్నాడు కన్హుడు. "నన్ను చూడు. నా వల్ల అవుతుందా? నీకైతే చేతనవును."

"అదే మాట ఈ నాలుగు రోజుల్లో ఎవరికైనా చెప్పొచ్చు కదా?"

"చెబుతూనే ఉన్నాను. ఓ... ఓడిపోయానని అందరికీ చెబుతూనే ఉన్నాను. ఎవరూ నమ్మరే!"

ఆయన ముఖంలోని దిగులు చూసి మూలసిరికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లు తడిశాయి. కన్హుడు కంగారుపడి, శొంఠి ఘాటేమోనని కల్వం అవతలికి జరిపాడు.

మధ్యాహ్నం మూలసిరి గురువు దగ్గరికి వెళ్లాడు. చందసేనుడు నీరెండలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మూలసిరి మూట ఆయన ముందు పెట్టి, నమస్కరించి, పక్కన కూర్చున్నాడు.

గురువు మూట విప్పి చూశాడు. "ఒకటి మిగిలిందే."

"అవును, భంతే."

"అందరి దగ్గరికీ వెళ్లావా?"

"వెళ్లాను."

ఎండ పక్కకు జరిగేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

"అది నాది, భంతే," అన్నాడు మూలసిరి మెల్లగా. "నాకు నేనే వేసుకున్నాను."

చందసేనుడు నవ్వు ఆపుకోవాలని చూశాడు గానీ అది ఆగలేదు. శిష్యుడి గుండు మీద చెయ్యి వేసి, చంటిబిడ్డ తల నిమిరినట్టు నిమిరాడు.

"అయితే ముప్పైమూడు," అన్నాడు. "చాలా వచ్చాయి నాయనా. వెళ్లి, పడవకు సర్దుకో."