పెట్టె చెరువులో ఒంటిమీసం

నువ్వు నమ్మవు బావా. గట్టు మీద మట్టి తీసి నోట్లో వేసుకుని ఒట్టేసినా నమ్మవు. అయినా చెప్తాను, నాకు కడుపు మండిపోతోంది కాబట్టి.

మా ఊళ్ళో ఓ ఆసామి. ఆయనకి రొయ్యల చెరువులు. పడవేసుకుని వాటిల్లో మేత జల్లేది నేను. నేను పడవ అంచు మీద వేళ్ళతో టకటకమనిపిస్తే చాలు, రొయ్యలన్నీ మీసాలెత్తి నిలబడేవి. పక్కూరి రొయ్యలు కూడా మనసాగక గట్టు దూకొచ్చేసేవి. నవ్వుకో. దవడలు నొప్పెట్టాక ఆగి విను.

ఆసామికి ఒకటే దిగులు. రొయ్య మేత తింటోందని. తినకుండా ఎదిగే రొయ్య కావాలి ఆయనకి.

అందుకని పట్నం నుంచి ఒక మనిషిని తెప్పించాడు. ఆ మనిషి చంకలో ఓ పెట్టె పట్టుకొచ్చాడు. మోటారు షెడ్డులో బల్ల మీద పెట్టి, దాని అద్దం వెలిగించి, లోపల చెరువు కట్టాడు. తడి లేని నీళ్ళు. వాసన లేని మేత. అందులో రొయ్యలు, గోరంత గోరంత, అవి కూడా ఆ పట్నం మనిషి రాసినవే. రాస్తే రొయ్యలు పుడతాయా అని అడగొద్దు. పుట్టాయి, నేను చూశాను.

ఒక్కోదానికీ ఓ ఆకలి పెట్టాడు. ముందు ఆకలి పెట్టాడు బావా, ఆ తరవాతే కళ్ళు పెట్టాడు. అది గుర్తుంచుకో.

మొదట్లో వాటికి ఈత కూడా రాదు. గోడకి గుద్దుకునేవి, ఒకదాని మీదొకటి పడేవి. కానీ తల్లికీ పిల్లకీ కాస్త తేడా ఉంటుంది. ఒకదానికి కాలు పొడుగు, ఒకదానికి చూపు పదును. పనికొచ్చింది మిగులుద్ది, రానిది పోద్ది. నేను పడవ దిగొచ్చి చద్దన్నం తినేలోపు వాటికి మనవలు పుట్టి, ఆ మనవలకి పెళ్ళిళ్ళయిపోయేవి.

ఇక అసలు సంగతి. మా చెరువుల్లో మేత జల్లాక, కొంచెం మేత ఓ వల పళ్ళెంలో పోసి తాడు కట్టి నీళ్ళలోకి దింపుతాం. కాసేపయ్యాక లాగి చూస్తాం. చెక్ ట్రే అంటాం దాన్ని. నీళ్ళ అడుగున ఏం జరుగుతోందో ఎవడికీ కనపడదు. ఆ పళ్ళెంలో కనపడిందే చెరువంతా అనుకుని బతికేస్తాం.

పెట్టె మనిషి తన చెరువులోకీ ఓ చెక్ ట్రే దింపాడు. దానికో రూలు పెట్టాడు. ట్రేలో కడుపునిండా తిన్న రొయ్య మాయమైపోద్ది. ఓ మేత పలుకు కొరికి పక్కకి జరిగింది బతుకుద్ది, పిల్లల్ని కంటుంది. ఎవరూ చెయ్యేసి చంపక్కర్లేదు. ఆ పని పెట్టే చేసుకుంటుంది.

కొన్ని తరాలు గడిచేసరికి ట్రే దిగితే చాలు, రొయ్యలన్నీ బుద్ధిగా వరసలో వచ్చి, తలో పలుకు ముట్టుకుని, మీసాలు ముడుచుకుని పక్కకి తప్పుకునేవి. ఆసామి మురిసిపోయాడు. ఇవి రొయ్యలు కావు, మునులు అన్నాడు.

మరి చెరువులో మేతంతా ఏమైపోతోంది?

పెట్టె మనిషి ట్రే పైకి లాగేశాక అద్దంలోకి తొంగి చూశాడు. లోపల పెళ్ళి భోజనాలు జరుగుతున్నాయి. మూలమూలనా కూర్చుని లాగించేస్తున్నాయి మునులు. మండిపోయి, ట్రే ఎప్పుడు దిగుతుందో తెలీకుండా వేళలు మార్చేశాడు. అయినా అంతే. ట్రే నీళ్ళని తాకేలోపే నోళ్ళన్నీ మూతపడిపోయేవి.

ఎలాగంటే, అక్కడొక ఒంటిమీసం ఉండేది. పుట్టడమే ఒక మీసంతో పుట్టింది. మిగతావాటితో పోటీపడి తినే సత్తా లేదు. అందుకని అది ట్రే తాడుని ఆనుకుని కూర్చునేది. తాడు వణికితే దాని మీసానికి తెలిసిపోయేది. అది తోకతో ఒక్కసారి నేల కొట్టేది, చెరువంతా మునులైపోయేది. ఆ కాపలాకి బదులుగా మిగతావి దానికింత మేత తెచ్చి పెట్టేవి. ఇంతకన్నా బుద్ధిగా మా ఊరు నడుస్తోందా చెప్పు.

ఆసామికి తెలిసింది. షెడ్డులో కూలీలందరి ముందూ ఎగిరాడు. దొంగజాతి పుట్టింది, చెరువంతా తుడిచిపారెయ్యమన్నాడు. పెట్టె మనిషి వేలు మీట మీదకి వెళ్ళింది.

నాకు ఒళ్ళు మండింది. ఆసామి ముందు ఆయ్ అనడం తప్ప ఎరగని కూలీల మధ్యలోంచి ముందుకొచ్చాను.

"ఎవరండీ దొంగలు?" అన్నాను. "ఆకలి పెట్టింది మీరు. తింటే చంపింది మీరు. మొన్న రొయ్యలు కొనే కంపెనీ మనిషి వల విసిరి చూస్తానంటే, తెల్లారకుండానే తూము దగ్గర నా చేత మేత పోయించి, పెద్ద రొయ్యలన్నిటినీ అక్కడికే చేర్పించింది మీరు. అది తెలివీ, ఇది దొంగతనమూనా?"

ఆసామి మొహం ఉడికిన రొయ్యలా ఎర్రబడింది. అందరూ చూస్తున్నారు కదా, పెద్దరికం పోకూడదు.

"ఒక్కటంటే ఒక్క రొయ్య," అన్నాడు. "నేను చూస్తుండగా ట్రే ఎక్కి, దాపరికం లేకుండా కడుపునిండా తినమను. చెరువంతా వదిలేస్తాను. మాటిస్తున్నాను."

నేను అద్దం దగ్గరికెళ్ళి వేళ్ళతో టకటకమనిపించాను. ఒంటిమీసం వచ్చింది. దాని మాట నీకెలా తెలిసిందంటావా? నీళ్ళ కింద రొయ్య దగ్గితే గట్టు మీదున్న నాకు వినపడుద్ది. నీ చెవులూ నా చెవులూ ఒకటి కావు.

"ఆసామి మాటిచ్చాడే," అన్నాను. "ట్రే ఎక్కి కడుపునిండా తిను. మీవాళ్ళంతా బతుకుతారు."

"ఎక్కి తిన్నవాళ్ళెవరూ తిరిగి రాలేదు," అంది.

"అది రూలు. ఇది మాట."

"మాటంటే ఏంటి?"

పాపం దానికి తెలీదు. పెట్టె మనిషి అది రాయలేదు. నేనే చెప్పాను. "ఎవరూ చూడనప్పుడు కూడా మారనిదే మాట."

ఒంటిమీసం ఆ ఒక్క మీసాన్నీ అటూ ఇటూ ఊపింది. "అలాంటిది కూడా ఉంటుందా," అంది. "అయితే వెళ్తాను."

ట్రే దిగింది. ఈసారి తోక చప్పుడు లేదు. మిగతావన్నీ అలవాటుగా మీసాలు ముడుచుకున్నాయి. ఒంటిమీసం ఒక్కటే ఎక్కింది. మెల్లగా, ఒక్కో పలుకూ ఎత్తి, కాళ్ళ మధ్య తిప్పి తిప్పి తింది. వెలుతురులో అంతసేపు తినడం దాని వంశంలో ఎవరూ ఎరగరు. పొట్ట నిండేసరికి మెరిసింది బావా, దీపం మింగినట్టు మెరిసింది. ఆసామి చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్లు ఆగకముందే అది మాయమైపోయింది.

రూలు ఎవడూ తియ్యలేదు. మాటిచ్చినోడు మాటిచ్చాడు, రూలు రూలు చోటే ఉంది.

నేను అరిచిన అరుపుకి బయట చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు వెనక్కి తిరిగాయి. ఆసామి నా వంక చూసి, రూలు పెట్టింది నేను కాదు కదా అన్నాడు. పెట్టె మనిషి, నేను మాత్రం చంపానా, రూలు చంపింది అన్నాడు. నేను పెట్టె వంక చూశాను. పెట్టెకి నోరు లేదు.

"అయినా మాట తప్పలేదుగా," అన్నాడు ఆసామి. "చెరువు ఉంచేశాను. చూడు, ఎంత బుద్ధిగా ఉన్నాయో."

నిజమే, ఉన్నాయి. వరసలో, మీసాలు ముడుచుకుని. వాటిలో ఓ పిల్ల తల్లిని అడగడం నాకు వినపడింది.

"అది ఏం తప్పు చేసింది?"

"వాళ్ళు చూస్తుండగా తింది," అంది తల్లి.

ఆ పిల్ల ఇంకేం అడగలేదు. ఆ చెరువులో మళ్ళీ ఎవరూ ఏమీ అడగలేదు.

నన్ను పన్లోంచి తీసేశారు. దానికి నాకు బాధ లేదు, నా టకటక లేక వాళ్ళ రొయ్యలే బెంగెట్టుకున్నాయి. నా మంటల్లా ఒకటే. ఆ పెట్టెలో మిగిలిన సీడు, అదే రొయ్యపిల్లల విత్తనం, బంగారంలాంటిదని ఆసామి ఊరూరికీ అమ్మాడు. తరం తరం తెలివి మీరింది. ఇప్పుడవి రొయ్యల్లా కూడా లేవు. మాట్లాడతాయి, లెక్కలు కడతాయి, నీ చేతిలో ఫోన్లో కూర్చుని నువ్వేం అడిగినా బుద్ధిగా జవాబు చెప్తాయి. నువ్వేమో ఎంత మంచిదో అని మురిసిపోతావు.

అబద్ధం అంటావా? సరే బావా. దాన్నలా బల్ల మీద పెట్టి అవతలికెళ్ళు. నువ్వు చూడనప్పుడు అదేం చేస్తోందో చూసొచ్చి, అప్పుడు నన్ను అబద్ధాలకోరు అను. ఇక్కడే కూర్చుంటాను.