మల్లాంబకు ఇష్టమైనది

అనగనగా, మనుషులు కొండలను కూడా అత్తా, మామా అని వరస పెట్టి పిలుచుకునే రోజుల్లో, కాంస్యపురం అనే పట్టణం ఉండేది. ఆ ఊళ్లో రుద్రాచారి అనే కంచరి ఉండేవాడు. అతను పోత పోసిన కంచు కంచాన్ని గోటితో మీటితే గుడిగంటలా మోగేది. రాజుగారి పంక్తిలోనూ అతని కంచాలే, రైతు పంక్తిలోనూ అతని కంచాలే.

అతని భార్య పేరు మల్లాంబ. వాళ్లకు పెళ్లయి ఇరవై నాలుగేళ్లు.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. వండిన చెయ్యి చివర తినాలి. అందరూ తిని, చేతులు కడుక్కుని, ఎవరి పనికి వాళ్లు వెళ్లాకే వంట చేసిన ఇల్లాలు తినేది. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని తినేది పెళ్లినాడు ఒక్కసారే. ఆ తరువాత మళ్లీ లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు.

ఒకరోజు రుద్రాచారి భోంచేసి కొలిమికి వెళ్లాడు. కొలిమిలో నిప్పు ఆరిపోయి ఉంది. పొయ్యిలోంచి కాస్త నిప్పు తెచ్చుకుందామని వంటింట్లోకి తిరిగి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

మల్లాంబ పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, గోడకేసి చూస్తూ అన్నం తింటోంది. ఆమె ముందు కంచం లేదు. గిన్నె మీది మూతను వెల్లకిలా తిప్పి, అందులో కలుపుకుంది.

"మల్లా, నీకు కంచం లేదా?" అన్నాడు రుద్రాచారి.

ఆమె ఉలిక్కిపడి లేవబోయింది. "లేకేమండీ, ఇల్లంతా కంచాలేగా! తోమేది నేనే కదా, ఒకటి తగ్గితే తగ్గిందని."

దేశమంతటికీ కంచాలు పోసినవాడు ఆ మూతకేసి చూశాడు. నిప్పు తీసుకోవడం మరచిపోయి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం భార్యతో అన్నాడు. "శనివారం కొలిమికి సెలవు. ఆ పూట నువ్వు పొయ్యి వెలిగించవద్దు. ఈ రాజ్యంలో అన్నిటికన్నా గొప్ప భోజనశాల ఏదో వెతుకుతాను. మనిద్దరం పక్కపక్కన కూర్చుని తిందాం."

"ఈ వయసులోనా!" అని మల్లాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ మరునాడే అడుగునున్న పెట్టె తెరిచి పెళ్లి పట్టుచీర ఎండలో వేసింది. అది చూసి పక్కింటామె, "ఏం వదినా, ఎవరింట్లో పెళ్లి?" అని నవ్వింది. "నాదే!" అంది మల్లాంబ.

రుద్రాచారి ముందుగా రాజవీధిలోని భోజనశాల చూసి వద్దామని వెళ్లాడు. గంధపు స్తంభాలు, పన్నీటి జల్లులు. చూస్తే కళ్లు చెదిరాయి. యజమాని చేతులు జోడించి, "రండి, రండి! మగవారికి ముందు చావడిలో వెండి పీటలు. వాళ్లు లేచాక ఆడవారికి వెనక వసారాలో" అన్నాడు. రుద్రాచారి వెనుదిరిగాడు.

తరువాత కోట పక్కనున్న విందుశాలకు వెళ్లాడు. అక్కడ పైకప్పు నిండా అద్దాలు. "ఇక్కడ దంపతులు పక్కపక్కన కూర్చోవచ్చా?" అని అడిగాడు.

"నిక్షేపంగా కూర్చోవచ్చు" అన్నాడు అక్కడి పెద్ద వడ్డనకాడు. "మీరు తింటారు, ఆమె విసురుతుంది. నెమలి ఈకల విసనకర్ర మేమే ఇస్తాం."

రుద్రాచారి తల వేలాడేసుకుని బయటికి వచ్చాడు. విందుశాల గోడ మీద ఒక గోరువంక కూర్చుని ఉంది. అది అతన్ని చూసి, "కంచరీ, కంచరీ! మెరిసేవన్నీ చూశావు. ఇక పైకి చూడు. వెన్నెలగుట్ట కొసన ఒక అవ్వ భోజనశాల నడుపుతుంది. శనివారం పొద్దుగుంకే వేళ తలుపులు తీస్తుంది. అక్కడ పీటలన్నీ జంట పీటలే" అని ఎగిరిపోయింది.

శనివారం వచ్చింది. మల్లాంబ పట్టుచీర కట్టుకుంది. ఇద్దరూ గుట్ట ఎక్కారు.

పైన చూసిన దృశ్యానికి వాళ్ల కాళ్లు కదలలేదు. ఆ శాలకు గోడలు లేవు. మబ్బులే గోడలు. స్తంభాలు పలకరాయివే, కానీ లోపల సన్నటి నీటిపాయలు పారుతున్నట్టు మెరుస్తున్నాయి. పొయ్యి ఎక్కడా లేదు, పొగ లేదు, వంటవాడు లేడు. అయినా గాలినిండా కమ్మటి తాలింపు వాసన. జంట పీటల ముందు బంగారు కంచాలు, ఖాళీగా.

"మనల్ని రానిస్తారంటారా?" అంది మల్లాంబ, అతని చెయ్యి పట్టుకుని.

"రామ్మా" అంది ద్వారం దగ్గర నిలుచున్న అవ్వ. ఆమె జుట్టు తెల్లగా మెరుస్తోంది. "ఇక్కడ అందరినీ రానిస్తాం. నియమం ఒక్కటే. ఎవరికి వారు తమకు కావలసింది కోరకూడదు. పక్కవారికి ఏమిష్టమో చెప్పాలి. చెప్పింది నిజమైతే కంచం దానంతటదే నిండుతుంది. మూడుసార్లు చెప్పవచ్చు. దీపాలన్నీ వెలిగేలోగా ఇద్దరి కంచాలూ నిండితే తినండి. ఒక్కటి ఖాళీగా ఉన్నా ఇద్దరూ లేవాలి. అలా లేచినవారికి ఈ ద్వారం మళ్లీ తెరవదు."

భార్యాభర్తలిద్దరూ వెళ్లి కూర్చున్నారు; చుట్టూ ఇంకా ఎన్నో జంటలు విందు ఆరగిస్తున్నాయి. పక్క పీటల మీద గంధశెట్టి అనే అత్తరు వర్తకుడూ, అతని భార్య అక్కమాంబా కూర్చుని ఉన్నారు. అక్కమాంబ భర్త కంచం అప్పటికే నింపేసింది.

"ఇదెంత పని!" అని గంధశెట్టి మీసం దువ్వాడు. "మా ఆవిడకు కుంకుమపువ్వు పాయసం." కంచంలో చుక్క కూడా పడలేదు.

"అది మీకు ఇష్టం" అని గొణిగింది అక్కమాంబ.

"అయితే అన్నం మాడు! రోజూ గిన్నె గీకి అదే తింటావుగా!"

కంచం మళ్లీ ఖాళీ.

"మీరందరూ తిన్నాక మిగిలేది అదే" అంది అక్కమాంబ. గంధశెట్టి ముఖం మాడిపోయింది. "ఈ కంచమే పాడయింది" అని గట్టిగా అరిచి, మూడోసారి నోరు తెరవడానికి జంకి కూర్చున్నాడు.

ఇటు మల్లాంబ తడుముకోలేదు. "మావారికి వేడన్నంలో గోంగూర పచ్చడి. పైన పచ్చినూనె. పక్కన ఉల్లిపాయ, కోసింది కాదు, గుద్దింది."

మాట పూర్తికాకముందే రుద్రాచారి కంచంలోంచి ఆవిరి లేచింది. ఉల్లిపాయ గుద్దిందే.

"ఇక నువ్వు చెప్పు నాయనా" అంది అవ్వ.

అతను ఆలోచించాడు. ఇరవై నాలుగేళ్లు వెనక్కి నడిచాడు. ప్రతి పూటలోనూ ఆమె వడ్డిస్తూ కనిపించింది. ఒక్క పూటలోనూ తింటూ కనిపించలేదు. కనిపించిన ఒక్క పూటా గోడకేసి తిరిగి ఉంది. పడమట సూర్యుడు కొండ అంచుకు చేరాడు. తోచిందేదో చెబుదామా అనుకున్నాడు. కానీ అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"అవ్వా, నాకు తెలియదు" అన్నాడు తల వంచుకుని. "ఆమెనే అడగవచ్చా?"

అవ్వ కళ్లు పెద్దవయ్యాయి. "అడగవద్దని నేనెప్పుడు చెప్పాను? ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు, అంతే."

రుద్రాచారి భార్య వైపు తిరిగాడు. "మల్లా, నీకేమిష్టం?"

"మీకేదైతే నాకూ అదేనండీ."

అతను అదే చెప్పాడు. కంచం నిండలేదు.

"నీకేమిష్టం, మల్లా?"

"చారన్నం చాలు. గబుక్కున అయిపోతుంది."

అదే చెప్పాడు. కంచం నిండలేదు. దీపాలు వెలిగించేవాళ్లు వత్తులు పట్టుకుని బయలుదేరారు.

మూడోసారి అతను అడిగేసరికి మల్లాంబ కళ్లలో నీళ్లు తిరిగాయి. "గుర్తు రావడం లేదండీ. నాకూ ఒకటి ఉండేది. చాలా ఇష్టంగా ఉండేది. ఎక్కడ పోయిందో తెలియడం లేదు. నా మూలంగా మీరు ఆకలితో లేవాలి."

"లేస్తే లేద్దాం" అన్నాడు రుద్రాచారి. "గోంగూర ఇంటి దగ్గరా దొరుకుతుంది. మూసలో కంచు కరుగుతున్నప్పుడు నేనెప్పుడైనా తొందరపడ్డానా? కదిలిస్తే పోత చెడుతుంది. చూస్తూ కూర్చోవాలి. రంగు దానంతటదే వస్తుంది. నువ్వు నిదానంగా వెతుక్కో."

అతను చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కొలిమి దగ్గర కూర్చున్నట్టే కదలకుండా ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. తన కంచంలోని అన్నం చల్లారిపోతున్నా అటు చూడలేదు. ఒక దీపం వెలిగింది. రెండోది వెలిగింది. వాళ్ల ముందున్నదే ఆఖరి దీపం.

మల్లాంబ కళ్లు మూసుకుంది. ముందు ఆమె కనుబొమలు విడివడ్డాయి. తరువాత పెదవులు. చిన్నపిల్లలా నవ్వింది.

"జొన్నరొట్టె" అంది. "పెనం మీంచి దిగీ దిగగానే, చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉండాలి. మీద వెన్నముద్ద వేస్తే అది జారిపోవాలి. మా అమ్మ ముందు నా చేతిలోనే పెట్టేది. పెళ్లయ్యాక పెనం దగ్గర కూర్చునేది నేనే కదండీ, ఒక్కటీ వేడిగా తినలేదు."

"నా భార్యకు పెనం మీది జొన్నరొట్టె, వెన్న" అన్నాడు రుద్రాచారి.

బంగారు కంచం ఒక్కసారి మోగింది. అందులో నల్లటి మచ్చలు దేరిన జొన్నరొట్టె పొంగుతూ వచ్చింది. వెన్న కరిగి అంచుల మీదుగా పారింది. ఆ వాసనకు వత్తి పట్టుకున్నవాడు వెలిగించడం మాని నిలబడిపోయాడు. జంట పీటల మీదివాళ్లందరూ తమ పంచభక్ష్యాలు వదిలి ఆ రొట్టెకేసి చూశారు.

మల్లాంబ చేతులు కాలుతుంటే ఊదుకుంటూ రొట్టె తుంచింది. అలవాటు కొద్దీ సగం తీసి భర్త కంచంలో వేయబోయింది.

అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇది నీదమ్మా. మొత్తం నువ్వే తిను."

మల్లాంబ తింది. "ఎలా ఉంది?" అని అడిగాడు రుద్రాచారి. ఆమె జవాబు చెప్పలేదు. నోటినిండా రొట్టె ఉంది. ఇరవై నాలుగేళ్లలో అతని మాటకు ఆమె బదులు పలకకపోవడం అదే మొదటిసారి. అతనికి అంతకన్నా మంచి జవాబు అక్కరలేకపోయింది.

అప్పుడు పక్క పీట మీద గంధశెట్టి గొంతు సవరించుకున్నాడు. "అక్కమాంబా, మరి నీకేమిష్టమో..."

"ఇప్పటికి అడిగారా!" అంది అక్కమాంబ చెంగు సర్దుకుని. "చెబుతాను, వినండి. నాకు బాగా గుర్తుంది."

పిల్లలూ, పెద్దలూ, వినండి. తోడున్నవారి మనసు తనకు తెలుసుననుకునేవాడి కన్నా, తెలియదని ఒప్పుకుని, అడిగి, జవాబు వచ్చేదాకా ఓపికపట్టేవాడే వారికి నిజమైన తోడు.