పెదవికి ఎంత శిక్ష

నాదస్వరం కోటిలింగం గారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరికేది కాదు, పని దొరికేది. "ఈ రాగం నాకెందుకు పలకడం లేదండీ?" అంటే, పోయి గేదెను కడిగి రమ్మనేవారు. కడిగొచ్చాక రాగం పలికేదా అంటే, ఒక్కోసారి పలికేది, ఒక్కోసారి గేదె మాత్రం శుభ్రపడేది.

గుండ్లకమ్మ ఒడ్డున ఆయన మేళం పెళ్ళిళ్ళకు పెట్టింది పేరు. అందులో నాదస్వరం మౌలాలిది, డోలు పోలయ్యది. ఇద్దరూ ఆయన శిష్యులే. మౌలాలి వాద్యం ఎంత తీపో, మాట అంత కారం. వాద్యం పక్కన పెట్టాక కూడా సన్నాయి నొక్కులు మానడు. ఒక ఊరేగింపులో పోలయ్య తాళం తప్పాడని, "మీ అయ్యా ఇంతేగా, చచ్చేదాకా డోలు కాదు, డబ్బా కొట్టాడు" అన్నాడు. ఆ తండ్రి పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పోలయ్య చేతిలోని డోలుపుల్ల విసిరేశాడు. అది సూటిగా పోయి మౌలాలి కింది పెదవిని చీల్చింది. అంతకుముందు పోలయ్య ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు.

మర్నాడు మౌలాలి పెదవికి కుట్లతో, ప్లీడరు గారిని కలిసి, నేరుగా గురువు ముందుకు వచ్చి నిలబడ్డాడు. అరుగు కింద పోలయ్య తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"గురువుగారూ, మొదటిసారి చెయ్యి చేసుకున్నవాడికి ఎంత శిక్ష వెయ్యాలి? పన్ను ఊడితే పెద్ద కేసు అయ్యేదట. పెదవే కాబట్టి చిన్నదట. పైగా మొదటి తప్పట! మహా అయితే ఏడాదిలోపు జైలు, లేదంటే జరిమానా, అదీ కాకపోతే ఇకమీదట బుద్ధిగా ఉంటానని పూచీకత్తు రాయించుకుని ఇంటికి పంపేస్తారట. ఇదేం న్యాయమండీ? పన్ను పోతే నాకు అన్నం నమలడమే కష్టం. పెదవి పోతే అన్నమే లేదు!"

ఆ మాట అక్షరాలా నిజం. నాదస్వరం వాయించేవాడికి పెదవే పొలం, పెదవే పాడి. కుట్లు మానాక గాలి నిలవకపోతే మౌలాలి బతుకు అక్కడితో సరి. అది తలుచుకుని మౌలాలి కంటే పోలయ్యే ఎక్కువ హడలిపోయి ఉన్నాడు. "చెయ్యి జారిందని అబద్ధం చెప్పనన్నా. నేనే విసిరాను. ఏ శిక్షయినా సరే" అన్నాడు.

కోటిలింగం గారు అరుగు మీంచి లేచారు. శ్రుతి వేసే కరెంటు పెట్టెను అటకెక్కించారు. గోడకు వేలాడుతున్న పాత ఒత్తు సన్నాయిని దించి పోలయ్య చేతిలో పెట్టారు. రంధ్రాలు మైనంతో మూసిన వాద్యం అది. దానికి ఉన్నది ఒక్కటే స్వరం. మేళం సాగినంతసేపూ వెనకాల కూర్చుని, బుగ్గల్లో గాలి నిలుపుకుంటూ, ముక్కుతో పీల్చుకుంటూ, తెగకుండా ఊదాలి. మెప్పు ఉండదు. ఎవరినైనా ఏమైనా అందామంటే నోరూ ఖాళీ ఉండదు.

"వీడు శ్రుతి పడతాడు. ఎప్పుడు దించాలో నువ్వు చెప్పు" అన్నారు మౌలాలితో. "కేసు పెట్టుకుంటావా, అదీ నీ ఇష్టమే."

పెదవి మానేదాకా గురువే వాయించారు. మౌలాలి పక్కన కూర్చుని తాళం వేశాడు. డోలుకు పొరుగూరి నుంచి ఒకాయనను పిలిపించారు. పోలయ్య ఊదుతుంటే మొదట్లో జనం నవ్వారు, పుంజు గొంతు పిసికినట్టుందని. అతని పెదవులు పగిలి నెత్తురు చిమ్మాయి. మౌలాలి చూశాడు. చూసి, "ఇంకా ఊదు" అన్నాడు. కేసు మాత్రం పెట్టలేదు. అలాగని దించమనీ అనలేదు. పెదవి మానింది గానీ కడుపులో మంట ఆరలేదు.

మళ్ళీ నాదస్వరం పట్టిన తొలి పెళ్ళిలో మౌలాలి పెదవిని రెండుసార్లు తడుపుకున్నాడు. కల్యాణి రాగం ఎత్తుకోగానే మచ్చ దగ్గర పెదవి లాగింది, స్వరం జారింది. పందిట్లో ఎవరో "అయ్యో, అయిపోయిందిరా మౌలాలి పని" అన్నారు. ఆ మాట అతనికి వినబడింది. గాలి సగంలో తెగింది. వెనకనున్న శ్రుతి మాత్రం తెగలేదు. గోడకు వీపు ఆనించినట్టు మౌలాలి దానికి ఆనుకుని, మళ్ళీ ఊపిరి పీల్చి, పైస్థాయి షడ్జం అందుకున్నాడు. అందింది! నిలిచింది! గాడిపొయ్యి దగ్గర వంటవాళ్ళు గరిటెలతో సహా వచ్చి నిలబడ్డారు.

మౌలాలి అప్పుడు మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు. పోలయ్య బుగ్గలు పొంగి ఉన్నాయి, కళ్ళు ధారగా కారుతున్నాయి, చూపు మౌలాలి పెదవి మీదే ఉంది. మౌలాలి నాదస్వరాన్ని పెదవుల మీంచి తీశాడు.

"ఒరేయ్ పోలయ్యా, చాలురా. దించు. డోలు తగిలించుకో."

పోలయ్య దించలేదు. ఊదుతూనే తల అడ్డంగా ఊపాడు. తను దించితే శ్రుతి తెగుతుంది మరి. ముందు వరసలో పట్టు కండువాతో కూర్చున్న కోటిలింగం గారు లేచి వచ్చి, పోలయ్య పక్కన చతికిలపడి చెయ్యి చాచారు. ఒత్తు చేతులు మారేదాకా ఆ ఒక్క స్వరాన్నీ మౌలాలి పట్టి నిలిపాడు. గురువు బుగ్గలు పొంగించి శ్రుతి అందుకున్నారు. పొరుగూరాయన నవ్వుతూ డోలు పోలయ్య మెడలో వేశాడు.

అంతలో పురోహితుడు చెయ్యెత్తి, "గట్టిమేళం! గట్టిమేళం!" అని కేకేశాడు.

ఇక చూడండి! పోలయ్య దాచుకున్నదంతా డోలు మీద విరుచుకుపడింది. మౌలాలి ఆ మోతను మించి ఊదాడు. పందిరి రాటలు అదిరాయి, చంటిపిల్లలు ఏడవడం మరిచారు, పెళ్ళికొడుకు మూడో ముడి వేస్తూ వేస్తూ తల తిప్పి మేళం వైపు చూశాడు. ఆ ఊళ్ళో అలాంటి గట్టిమేళం అంతకుముందు ఎవరూ వినలేదు.

భోజనాల వేళ మౌలాలి గురువు పక్కన చేరి, మెల్లగా అడిగాడు.

"నా ప్రశ్నకు మీరింకా జవాబు చెప్పలేదండీ. వాడు కొట్టినదానికి ఎంత, వాళ్ళ నాన్నను నేనన్నదానికి ఎంత?"

కోటిలింగం గారు ఒత్తు ఊది కమిలిన పెదవులను కండువాతో అద్దుకున్నారు.

"తాళి కట్టే వేళ గట్టిమేళం ఎందుకు పెట్టార్రా పెద్దలు? ఎవరైనా తుమ్మినా, నోరు జారి ఎవరైనా చెడ్డమాట అన్నా చెవిన పడకూడదని. ఇందాక నీకేమైనా వినబడిందా?"