నాంచారమ్మ దాచని తప్పులు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, కాగితం ఇంకా మన ఊళ్లలోకి రాని రోజులు. ఏది రాయాలన్నా తాటాకూ గంటమే. ఆ రోజుల్లో పొన్నవరమని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యం జెండా ఎరుపు. అలాంటిలాంటి ఎరుపు కాదు. ఎండకి వెలవదు, వానకి కారదు. ఆమడ దూరంలో దాన్ని చూసి శత్రువులు గుర్రాల్ని వెనక్కి తిప్పేవాళ్లట!

ఆ ఎరుపు పుట్టేది ఏటి ఒడ్డున, అద్దకం వీధిలో. నలభై గడపల వీధి అది. పెద్ద మేస్త్రి వెంకట్రాముడు. రంగు గుట్టంతా ఆయన నోట్లోనే ఉండేది. ఎవరడిగినా, "చూసి నేర్చుకోండ్రా" అనేవాడు. చూస్తుంటే మాత్రం వీపు అడ్డం పెట్టేవాడు. ఒకరోజు ఆయన కన్నుమూశాడు. గుట్టూ ఆయనతోనే పోయింది.

ఆ ఏడు వీధివాళ్లు తలోచెయ్యీ వేసి అద్దిన జెండా ఎగరేస్తే ఇటుక రంగులో ఊగింది. రాజు విజయభూపతి తలెత్తి చూశాడు.

"ఇది జెండానా, గోనెపట్టానా?" అన్నాడు.

అంతే, చాటింపు వేయించాడు. "రెండు పున్నములు గడువు. పాత ఎరుపు రావాలి. ఎలా చేయాలో ఆకు మీద రాసి తేవాలి, ఇంకోసారి ఒకరి నోట్లో అది చచ్చిపోకూడదు. తేలేకపోతే ఏటి ఒడ్డు పొరుగుదేశపు అద్దకంవాళ్లకిస్తాం. మీరు మెట్ట మీదికి పోవాలి."

మెట్ట మీద తాగడానికే నీళ్లుండవు. ఇక గుడ్డలెక్కడ తడుపుతారు? వీధి వీధంతా గొల్లుమంది.

వీధి చివరి గడపలో నాంచారమ్మ ఉండేది. మనిషి బక్కపలచన, నోరు మాత్రం గయ్యిమంటుంది. చిన్నప్పుడు నాన్న నేర్పిన నాలుగక్షరాల్ని ఆవిడ వదల్లేదు. ఏం చేసినా రాసుకునేది. అందుకే అందరూ "ఆకుల నాంచారి" అని ఏడిపించేవాళ్లు.

నాంచారమ్మ కాగు పొయ్యి మీద పెట్టింది. కరక్కాయ, గేదెపాలు, పటిక, ఎరుపునిచ్చే చిరివేరు. సరుకులు అందరికీ తెలిసినవే. తెలియనిది ఎంత, ఎప్పుడు, ఎంతసేపు.

మొదటిసారి పాలల్లో తడిపిన గుడ్డకి ఆ రోజే పటిక పట్టించింది. మచ్చలు మచ్చలుగా వచ్చింది. రాసుకుంది.

రెండోసారి గుడ్డని మూడెండలు ఎండనిచ్చింది. ఉడకేసే వేళకి రాగి కాగుకి చిల్లు పడింది. ఇనప బానలో ఉడికిస్తే గుడ్డ నేరేడుపండులా నల్లబడింది. తిట్టుకుంటూనే అదీ రాసుకుంది.

మూడోసారి కాగుకి మాటు వేయించుకొచ్చింది. మిగతాదేదీ మార్చలేదు. గుడ్డ పైకి తీస్తే ఎరుపు! అయినా నమ్మలేదు. మళ్లీ చేసింది. ఇంకోసారి చేసింది. మూడు గుడ్డలూ పక్కపక్కన ఆరేస్తే ఏది ఏదో తనకే తెలియలేదు.

అప్పుడు శుభ్రంగా ఆకుల మీద ఎక్కించింది. ఏం కావాలనుకుందో ముందు రాసింది. ఏమేం ఎన్నెన్ని పలాల తూకమో తర్వాత. ఏది ముందు, ఏది వెనక, ఎంతసేపు, అదీ రాసింది. ఏం కనపడిందో కనపడినట్టు రాసింది. చివరాకుల మీద తప్పినవి.

పక్కింటి సూరమ్మ ఆకులన్నీ చదివించుకుని నెత్తి కొట్టుకుంది. "ఒసే పిచ్చిదానా! రాజుగారి ముందు నా గుడ్డ నల్లబడిందని చెప్పుకుంటావా? పీకెయ్ ఆ రెండాకులూ."

"రాసింది రాశా కదత్తా."

"నలభై గడపల అన్నం నీ ఆకుల మీదుందే! అబద్ధమాడమన్నానా? చెప్పకుండా ఊరుకోమన్నా, అంతే."

నాంచారమ్మ కత్తి తీసుకుంది. ఆకులు గుచ్చిన తాడు మీద ఆనించింది కూడా. చెప్పకుండా ఊరుకోవడమే... నిజమే, ఎవరికి తెలుస్తుంది?

కత్తి ఆగింది.

"వెంకట్రాముడు చేసిందీ అదే కదత్తా," అంది. "చెప్పకుండా ఊరుకోవడం."

తాడు మళ్లీ బిగించి కట్టింది.

గడువు పున్నమికి ఇంకో పక్షం ఉందనగా సభకి మూడు కట్టలొచ్చాయి. మొదటిది ఆస్థాన పండితుడు శేషాచార్యులది, పట్టుతాడుతో. రెండోది వెంకట్రాముడి అల్లుడు కోటయ్యది, ఒకే ఒక్క ఆకు. మూడోది నాంచారమ్మది.

రాజు నవ్వాడు. "రాసినవాళ్లే చేస్తే గొప్పేముంది? వంటశాల నుంచి అప్పలకొండని పిలవండి. వాడికి అక్షరాలొచ్చు, అద్దకం రాదు. ఆకులో ఉన్నదే వాడు చేస్తాడు. రాసినవాళ్లు నోరు మెదిపారా, ఆకు చింపేస్తా."

అప్పలకొండ బొజ్జ సవరించుకుంటూ వచ్చాడు. వంటశాల వెనక పొయ్యి తవ్వారు.

మొదట ఆచార్యులవారి ఆకు. "అరుణోదయ కాంతి వచ్చునంతవరకు ఉడికించవలెను" అని ఉంది.

"ఏ ఉదయం సామీ? మబ్బు పట్టిందా, పట్టందా?" అన్నాడు అప్పలకొండ. ఆచార్యులు నోరు విప్పకూడదాయె, ఉత్తరీయం సర్దుకున్నాడు. గుడ్డ పాచిపోయిన గంజి రంగులో వచ్చింది.

తర్వాత కోటయ్య ఆకు. "తగినంత పటిక. కాసేపు ఉడకాలి. చెయ్యే చెప్తుంది."

"నా చెయ్యి చారుకి చెప్తుంది బాబూ, గుడ్డకి చెప్పదు," అన్నాడు అప్పలకొండ. నిజంగానే గుడ్డ చారు రంగులో తేలింది. సభంతా పకపకా నవ్వింది.

మూడోది నాంచారమ్మ ఆకు. అప్పలకొండ ఈసారి ఏమీ అడగలేదు. తూచమన్నది తూచాడు. ఎండలు లెక్కపెట్టి ఎండబెట్టాడు. నీళ్లు ఏటి నుంచే తెప్పించాడు. నాంచారమ్మ గుండె కుదుటపడింది.

గుడ్డ పైకి తీశాడు.

నల్లగా ఉంది!

"ఆకుల నాంచారి బొగ్గు అద్దిందోయ్!" అని కోటయ్య చప్పట్లు కొట్టాడు. నాంచారమ్మ పొయ్యి వంక చూసింది. పొయ్యి మీద వంటశాల ఇనప బాన! రాగి కాగని సరుకుల్లో రాయనే లేదు. అద్దకం వీధిలో ఏ ఇంట్లో చూసినా రాగి కాగే, అది కూడా రాయాలని తోచలేదు. ఇప్పుడు చెబుదామంటే నోరు మెదపకూడదు. నలభై గడపలూ మెట్ట ఎక్కుతున్నట్టే కళ్ల ముందు కనపడింది.

రాజు లేవబోయాడు.

"ప్రభూ, ఆగండాగండి," అన్నాడు అప్పలకొండ. "ఈవిడ ఆకులింకా అయిపోలేదు." చివరాకు తిప్పి గట్టిగా చదివాడు. "రెండోసారి తప్పింది. కాగు చిల్లు పడి ఇనప బానలో ఉడికించా. గుడ్డ నేరేడుపండులా నల్లబడింది. రాగి కాగులో పెట్టాక ఎరుపొచ్చింది."

అప్పలకొండ ఒకసారి గుడ్డ చూశాడు. ఒకసారి బాన చూశాడు. ఎగిరి గంతేశాడు. "ప్రభూ! నేను చేసిన తప్పు ఈవిడ నాకంటే ముందే చేసి పెట్టింది!"

రాజు మళ్లీ కూర్చున్నాడు. "నోరు ఆవిడ మెదపలేదు, ఆకు మాట్లాడింది. రాగి కాగు తెండి. మళ్లీ చెయ్యి."

అప్పలకొండ మళ్లీ మొదటి నుంచీ చేశాడు. పున్నమి రోజు పొద్దున కర్రతో గుడ్డ పైకెత్తాడు. నీళ్లు కారిపోయాయి. ఎరుపు నిలిచింది! పాత ఎరుపు, అదే ఎరుపు! జన్మలో రంగు ముట్టని వంటవాడి చేతిలో!

కోట మీద జెండా ఎగిరింది. అద్దకం వీధి నుంచి డప్పులు మోగాయి. సూరమ్మ ఏటి ఒడ్డున చీర కుచ్చిళ్లు దోపి చిందేసింది. "నేనప్పుడే చెప్పా, ఆ ఆకులు పీకొద్దని!" అని ఊరంతా చెప్పుకుంది.

"ఈ ఆకులకి నలభై నకళ్లు తీయించండి. గడపకొకటి," అన్నాడు రాజు. "ఏం కావాలో కోరుకో నాంచారమ్మా."

"ముందొక గంటం ఇప్పించండి ప్రభూ," అంది నాంచారమ్మ. సభలోనే చతికిలబడి, సరుకుల ఆకు తీసి, మొదటి వరస పైన ఇరికించి రాసింది: రాగి కాగు ఒకటి.

అందుకే పిల్లలూ, అయింది అయినట్టు, తప్పింది తప్పినట్టు రాస్తేనే మీ పని మీరు లేనిచోట, పరాయి చేతిలో కూడా గెలుస్తుంది.