గానుగ పోలప్ప చచ్చు హాస్యం

యువరాజు అమ్మవారు పోసి చనిపోయాక, రాజ్యంలో ఎవరినైనా నవ్వించినవాడి నాలుక కోయిస్తానని రాజు చాటింపు వేయించాడు. గానుగ పోలప్ప భార్యా ఆ జబ్బుతోనే పోయింది. తిండి మానేసిన కూతురికి అతను ఏదో హాస్యం చెబుతుంటే తలారి విని, రాజు ముందుకు ఈడ్చుకొచ్చాడు.

నాలుక పోతే పిల్ల కూడా దక్కదని పోలప్పకు తెలుసు.

"నేనెవరినీ నవ్వించలేదు ప్రభూ. మా పిల్లకు చెప్పిన మాటే ఇక్కడా చెబుతాను. ఒక్కరు నవ్వినా నాలుక కోయించండి" అన్నాడు.

"చెప్పు."

"మా గానుగెద్దు పొద్దస్తమానం నడిచినా ఊరు దాటదెందుకని? దారంతా నూనె కదా, జారి మళ్ళీ మొదటికే వస్తుంది."

సభంతా మూలిగింది. మంత్రి తల పట్టుకున్నాడు. "ఇంత చచ్చు మాట నా జన్మలో వినలేదు" అన్నాడు తలారి.

"నవ్వే రానప్పుడు చెప్పడం ఎందుకురా?" అన్నాడు రాజు.

"'ఛీ, ఊరుకో నాన్నా' అనడానికి మా పిల్ల నోరు తెరుస్తుంది ప్రభూ. అప్పుడు ముద్ద పెట్టేస్తాను."

రాజు, కొడుకు పోయినప్పటి నుంచి మెతుకు ముట్టని రాణికి అన్నం కలిపి తెమ్మని సేవకులకు చెప్పి, పోలప్పను దగ్గరికి పిలిచాడు.

"ఆ ఎద్దు సంగతి మళ్ళీ చెప్పరా. నేను నేర్చుకోవాలి."