కళ్ళు మూసుకున్న సన్నాయి

అనగనగా ఒక ఊరు. ముందు కాళ్ళు ముడుచుకో, దుప్పటి కప్పుతాను. ఊ కొడుతూ వినాలి మరి. మధ్యలో నిద్దరోయి రేపు మళ్ళీ మొదట్నుంచీ చెప్పమంటే నాకు ఓపిక లేదు.

ఆ ఊళ్ళో పైడయ్య అని ఒకడు సన్నాయి వాయించేవాడు. అతని పక్కన డోలు వాయించేది బావమరిది అప్పన్న. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళి అనుకున్నా, ముహూర్తం కోసం పంతులుగారి దగ్గరికి వెళ్ళేముందే పైడయ్య గుమ్మంలోకొచ్చి, "ఏ రోజు ఖాళీ నాయనా" అని అడిగేవాళ్ళు. అంత పేరు అతనికి.

పైడయ్యకి ఒక అలవాటు ఉండేది. సన్నాయి నోట్లో పెట్టుకున్నాడంటే కళ్ళు మూసుకునేవాడు. ఇక ఇల్లు కూలినా తెరిచేవాడు కాదు. "కళ్ళు తెరిస్తే పాట చెదిరిపోతుంది" అనేవాడు. జనం అది చూసి, ఎంత భక్తో అని ముచ్చటపడేవాళ్ళు.

అప్పుడు ఒక వానాకాలం పైడయ్యకి విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ ఒక్కొక్క చప్పుడే పట్టుకుపోవడం మొదలెట్టింది. ముందు చూరులో పిచ్చుకలు వినపడటం మానేశాయి. సరే, ఎటో ఎగిరిపోయుంటాయిలే అనుకున్నాడు. ఆ తర్వాత పెళ్ళాం నూకాలమ్మ గాజులు వినపడలేదు. "గాజులు తీసేశావేంటే" అని అడిగాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "నువ్వు బతికుండగా గాజులెందుకు తీస్తానయ్యా" అని, రెండు చేతులూ అతని మొహం మీద పెట్టి మరీ తిట్టింది. ఆ తిట్టు సగమే వినపడింది.

ఆ తర్వాత ఒకరోజు తెల్లారి సాధనకి కూర్చుని సన్నాయి ఊదాడు. చప్పుడు లేదు. నోట్లో పెట్టుకునే పీక పాడైందేమో అని తీసి ఇంకోటి పెట్టాడు. ఊదాడు. లేదు. మూడోది పెట్టి, ఒంట్లో ఉన్న ఊపిరంతా పోసి ఊదాడు.

అప్పుడేమైందో తెలుసా? వీధి చివర పడుకున్న కుక్క ఉలిక్కిపడి లేచి పరిగెత్తింది. పాకలో దూడ తాడు తెంపుకుంది. గోడ అవతలి నుంచి అప్పన్న తల పైకెత్తి, రెండు చెవులూ మూసుకుని నవ్వాడు.

పైడయ్యకి అప్పుడు తెలిసింది. సన్నాయి మోగుతూనే ఉంది. కుక్కకి వినపడుతోంది, దూడకి వినపడుతోంది, వాయించినవాడికే వినపడటం లేదు. అలాగే సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, ఎండ నడినెత్తికొచ్చేదాకా కదలకుండా కూర్చున్నాడు.

ఎవరికైనా చెప్పాడా? చెప్పలేదు. చెవుడని తెలిస్తే పెళ్ళికి ఎవరు పిలుస్తారు? సన్నాయి చేతిలోంచి పోతే ఇక పైడయ్య అనేవాడు ఎవడు? ఆ భయంతో నోరు కుట్టేసుకున్నాడు. కట్టుకున్న పెళ్ళానికి చెప్పలేదు, పురిటికొచ్చిన ఒక్కగానొక్క కూతురు సూరీడమ్మకీ చెప్పలేదు.

దాచిపెట్టడానికి ఎన్ని వేషాలు వేశాడనుకున్నావు. ఎవరేం మాట్లాడినా "ఊ, అలాగే" అనేవాడు. పక్కవాళ్ళు నవ్వితే తనూ నవ్వేవాడు. సూరీడమ్మకి ఆడపిల్ల పుట్టి ఏడిస్తే, "నా సన్నాయి గొంతే వచ్చింది దీనికి" అని మురిసిపోయాడు. పాట సంగతంటావా, అది వేళ్ళకే తెలుసు. అప్పన్న డోలు ఎలాగూ సన్నాయి వెనకాలే వచ్చేస్తుంది. అప్పుడప్పుడూ శ్రుతి జారేది. అప్పన్న ఉలిక్కిపడేవాడు గానీ, బావని పట్టుకుని తప్పు వాయించావని ఎలా అంటాడు? ఊరుకునేవాడు.

ఇక మిగిలింది గట్టిమేళం. గట్టిమేళమంటే నీకు తెలుసు కదా? తాళి కట్టేవేళ ఎవరో తుమ్మొచ్చు, ఎవరో నోరుజారి చెడుమాట అనొచ్చు. అవేవీ పెళ్ళికూతురి చెవిన పడకూడదని పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం" అంటారు. అప్పుడు సన్నాయీ డోలూ కలిపి ఎంత గట్టిగా వాయించాలంటే, పక్కవాడు అరిచినా పక్కవాడికి తెలియకూడదు. పైడయ్యకి ఆ కేక వినపడదు కదా. అందుకని ఎత్తే చెయ్యి కోసం కళ్ళు చిట్లించుకుని కాచుకునేవాడు. చెయ్యి లేవగానే కళ్ళు మూసుకుని ఊదేసేవాడు. అలా నెట్టుకొచ్చాడు.

అప్పుడు మిల్లు నాయుడుగారి అమ్మాయి పెళ్ళి వచ్చింది. ఇంటి ముందు ఈ చివర్నుంచి ఆ చివరికి తాటాకు పందిరి వేశారు. పందిరి వెనకాల గాడిపొయ్యి తవ్వి, పెద్ద మూకుళ్ళలో బూరెలు వేయిస్తున్నారు. సూరీడమ్మ ఆ వెనక రాటలకే చీర ఉయ్యాల కట్టి, చంటిపిల్లని అందులో నిద్రపుచ్చింది. పిల్ల పడుకున్నాక ముందుకొచ్చి, పళ్ళెంలో అక్షింతలు పట్టుకుని అందరికీ పంచుతోంది.

ముహూర్తం ఇంకా కాలేదు. పంతులుగారు తలవంచుకుని మంత్రాలు చదువుతున్నారు. పైడయ్య సన్నాయి పట్టుకుని, ఏ చెయ్యి లేస్తుందా అని చూస్తున్నాడు.

అప్పుడు ఈడ్చి ఒక గాలి కొట్టింది. గాడిపొయ్యిలో మంట లేచి తాటాకు అందుకుంది.

ముందు చూసింది సూరీడమ్మే. పళ్ళెం జారవిడిచి, రెండు చేతులూ పైకెత్తి అరిచింది. "మంట. నా పిల్ల. అయ్యా, ఆర్పించు, నా పిల్ల" అని గొంతు చించుకుని అరిచింది.

పైడయ్య చూశాడు. కూతురి చేతులు పైకి లేచాయి, నోరు తెరిచి ఏదో చెప్తోంది. పంతులుగారు మంత్రాల్లో ఉన్నారు కాబట్టి, గట్టిమేళం అని కూతురు అందిస్తోందనుకున్నాడు. సంతోషంగా తలూపి, కళ్ళు మూసుకుని అందుకున్నాడు.

సన్నాయి లేచింది. అప్పన్న డోలు లేచింది. ఇక సూరీడమ్మ కేక ఎవరికి వినపడుతుంది? జనమంతా తాళి కట్టేస్తున్నారనుకుని ఒక్కసారిగా లేచి ముందుకు తోసుకొచ్చారు. అక్షింతలు వానలా పడ్డాయి. పెళ్ళికొడుకు కంగారుపడి మంగళసూత్రం పట్టుకుంటే, పంతులుగారు ఇంకా కంగారుపడి అతని చెయ్యి పట్టుకున్నారు. వెనక పందిరి మండుతోంది, ముందు అందరూ దీవిస్తున్నారు. ఆ జనానికి ఎదురీదుకుంటూ, ఏడుస్తూ, ఒక్కతే సూరీడమ్మ వెనక్కి పరిగెత్తింది.

పైడయ్యకి ఇవేవీ తెలియదు. ఇవాళ కుదిరింది, ఇలా ఎప్పుడూ వాయించలేదు అనుకుంటూ ఊదుతున్నాడు. మొహానికి వేడి తగిలింది. ఎండ ఎక్కిందిలే అనుకున్నాడు. ముక్కుకి పొగ తగిలింది. హోమంలో నెయ్యి ఎక్కువ పోశారులే అనుకున్నాడు. ఆ తర్వాత ఎవరో భుజం పట్టుకుని లాగారు. నాయుడుగారు శాలువా కప్పుతున్నారేమో అనుకుని, ఇంకా గట్టిగా ఊదాడు.

ఆ చెయ్యి సన్నాయిని నోట్లోంచి లాగేసింది. ఎవరది అని కోపంగా కళ్ళు తెరిచాడు.

పందిట్లో ఎవరూ లేరు. పీటల మీద పెళ్ళికొడుకు లేడు, పెళ్ళికూతురు లేదు. పక్కన డోలు పడుంది, అప్పన్న లేడు. నెత్తిమీద తాటాకులు భగభగా మండుతున్నాయి. ఎదురుగా సూరీడమ్మ. జుట్టు విడిపోయింది, అరచేతులు బొబ్బలెక్కాయి, చంకలో పిల్ల మొహమంతా మసి. అంతమందిలోనూ, ఆ మంటల్లోకి తన కోసం వెనక్కొచ్చింది కూతురే. పైడయ్యకి పై ప్రాణాలు పైనే పోయాయి.

వాళ్ళు బయటపడ్డారో లేదో, పందిరి సగం కూలింది. అప్పన్నా మగవాళ్ళూ బిందెలతో నీళ్ళు పోసి మిగతాది ఆర్పారు. భయపడకు, ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. పిల్లకి కూడా ఏమీ కాలేదు. ఊ కొట్టు.

అప్పుడు నాయుడుగారు ఊగిపోతూ వచ్చాడు. "ఏరా పైడయ్యా, నా ఇల్లు బూడిదయ్యేదాకా వాయిస్తూనే ఉంటావా" అని అరిచాడు.

పైడయ్య అలవాటు కొద్దీ తలూపి, "చిత్తం బాబూ, అలాగే" అన్నాడు.

అంతే. నాయుడుగారి నోట్లో తిట్టు నోట్లోనే ఉండిపోయింది. నూకాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడకి గాజుల సంగతి ఇప్పుడు అర్థమైంది.

సూరీడమ్మ దగ్గరికొచ్చి తండ్రి గడ్డం పట్టుకుని, మొహం తన వైపు తిప్పుకుంది. "అయ్యా, నీకు వినపడటం లేదా?" అని ఒక్కొక్క మాటే విడదీసి అడిగింది.

ఆ పెదవులు చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాడు. "లేదమ్మా. ఆ జ్వరం దగ్గర్నుంచీ లేదు."

"మరి నా పిల్ల ఏడుపు? నీ సన్నాయి గొంతే వచ్చిందని మురిసిపోయావు కదా?"

"అబద్ధమమ్మా. దాని గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఒక్కసారి కూడా వినలేదు" అని, పైడయ్య అంతమంది ముందూ చంటివాడిలా ఏడ్చేశాడు.

సూరీడమ్మకి కోపం ఉంది, ఎందుకుండదు? అయినా కళ్ళు తుడుచుకుని చెప్పింది. "సన్నాయిలా ఏమీ ఉండదయ్యా. పిల్లికూన అరిచినట్టుంటుంది." ఆ ఏడుపులోనే పైడయ్యకి నవ్వొచ్చింది.

ఆ తర్వాత పెళ్ళి సంగతి గుర్తొచ్చింది అందరికీ. నాయుడుగారేమో ఈ మేళం వద్దంటాడు. వేరే మేళం రావాలంటే సాయంత్రమవుతుంది. పైడయ్య కూడా సన్నాయి నేలమీద పెట్టేసి, "నా వల్ల కాదు, నన్నొదిలేయండి" అన్నాడు. అప్పుడు నాయుడుగారి ముసలి తల్లి, అప్పటిదాకా అరుగు మీద కూర్చుని అన్నీ చూస్తున్నావిడ, కర్ర తాటించింది.

"ముహూర్తం ఇంకా దాటలేదు. పీటలు అరుగు మీద వెయ్యండి. వాడికి చెవులు పోతే పోయాయి, కళ్ళు ఉన్నాయి కదా. తెరుచుకుని వాయించమను" అంది. ఆవిడ మాటకి ఎదురు చెప్పినవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

అప్పన్న సైగలు చేసి చెప్పాడు. పైడయ్య సన్నాయి అందుకున్నాడు. కళ్ళు తెరిచి ఊదాడు. శ్రుతి జారింది. అప్పన్న ఈసారి ఊరుకోలేదు, చేదు మింగినట్టు మొహం పెట్టాడు. పైడయ్య ఆ మొహం చూసి పెదవి బిగించాడు. అప్పన్న తలూపాడు. అలా మొహం చూసి దిద్దుకుంటూ, దిద్దుకుంటూ దారిలో పడ్డాడు.

పంతులుగారి చెయ్యి లేచింది. గట్టిమేళం మోగింది. సన్నాయి పట్టాక పైడయ్య మొదటిసారి, తాళి కట్టే వేళ ఎలా ఉంటుందో చూశాడు.

ఏం చూశాడో తెలుసా? పెళ్ళికూతురు తలెత్తి జనంలో ఎవరికోసమో వెతుకుతోంది. నాయుడుగారు వెనక్కి తిరిగి ఎవరినో కేకలేస్తున్నాడు. ఆ పిల్ల పెదవులు కదిలాయి. "నాన్నా" అంది. ఇంకోసారి అంది. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు. పైడయ్య ఒక్కడే చూశాడు. సన్నాయి ఆపకుండానే మోచేత్తో అప్పన్నని పొడిచి, అటు చూపించాడు. అప్పన్న వెళ్ళి నాయుడుగారి భుజం తట్టి ఇటు తిప్పాడు. నాయుడుగారు కూతుర్ని చూశాడు, ఆ పిల్ల నవ్వింది. పెళ్ళైపోయింది.

ఆ తర్వాత పైడయ్యకి చెవులొచ్చాయా అంటావు. రాలేదు బంగారం. కథ కదా అని నేను రప్పించలేను. తాంబూలం పట్టుకుని ఎవరొచ్చినా, "నాకు చెవుడు బాబూ, కళ్ళతో వాయిస్తాను, ఇష్టమైతే పిలవండి" అని ముందే చెప్పేవాడు. కొందరు పిలిచారు, కొందరు మానేశారు. పిల్ల ఏడ్చినప్పుడల్లా సూరీడమ్మ వచ్చి, ఇవాళ ఎలా ఏడ్చిందో చెప్పేది.

కానీ ఆ పెళ్ళిరోజు సాయంత్రం జరిగింది చెప్పకుండా నిన్ను నిద్రపుచ్చకూడదు. అందరూ భోంచేసి వెళ్ళిపోయారు. సూరీడమ్మ అరచేతులకి తేనె రాసి గుడ్డలు కట్టారు. పిల్ల ఆమె ఒళ్ళో పడుకుంది. పైడయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"సూరీడూ, నీ పెళ్ళికి కూడా నేనే వాయించాను కదమ్మా. తాళి కట్టేటప్పుడు నువ్వు కూడా ఏమైనా అన్నావా?"

సూరీడమ్మ ఒళ్ళో పిల్లని సర్దుకుంది. ఆ తర్వాత తండ్రి మొహం తన వైపు తిప్పుకుంది. "అన్నాను. అయ్యా, ఒక్కసారి నా వైపు చూడు అని మూడుసార్లు పిలిచాను. నువ్వు కళ్ళు మూసుకుని వాయిస్తున్నావు."

పైడయ్య బిత్తరపోయాడు. మంటల్లో కళ్ళు తెరిచినప్పుడు కూడా అంత అదిరిపోలేదు. అప్పుడు జ్వరం లేదు, చెవుడు లేదు. రెండు చెవులూ శుభ్రంగా పనిచేస్తున్న రోజులవి.

"ఇప్పుడు పిలవమ్మా" అన్నాడు.

"ఇప్పుడెందుకయ్యా" అంది.

"పిలు తల్లీ."

సూరీడమ్మ పిలిచింది. పైడయ్య రెప్పవెయ్యకుండా ఆ పెదవులే చూస్తూ, "ఆఁ, ఇక్కడే ఉన్నానమ్మా" అన్నాడు.

సన్నాయి చేరింది సంచికి,
కథేమో నడిచింది కంచికి,
కబుర్లు చాలించి మనమింక మంచానికి.